గోళ్లు ఊడగొట్టే పార్లర్లపై అదుపేదీ?

మన జిల్లాలో బ్యూటీ పార్లర్లు భీమవరం, పాలకొల్లు, నరసాపురం దాటి మండల కేంద్రాల్లో సైతం వెలిశాయి. పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే వాటిలో పని చేసే వారికి తీరిక ఉండదు. ఒకప్పుడు పెళ్లికూతురి చేతికి గోరింటాకు పెడితే సరిపోయేది. ఇప్పుడు పెట్టుడు గోళ్లు కూడా కావాలంటున్నారు. కావాలంటే పెట్టుకోనివ్వండి. ఆడపిల్లల ముచ్చటను కాదనడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. ఆ గోళ్లు అతికించే వారికి పని వచ్చో రాదో చూసే నాథుడు లేకపోవడమే బాధ.

పెట్టుడు గోరు నిలవాలంటే అసలు గోటి పైభాగాన్ని కాస్త గరుకు చేయాలి. పని తెలిసిన వారు ఆకురాయితో మెల్లగా రుద్దుతారు. తెలియని వారు కరెంటు మిషను పెట్టి గోరు ఉల్లిపొరలా అయ్యేదాకా అరగదీస్తారు. దానిపై పొడి, ద్రవం కలిపిన ముద్ద పూస్తారు. అది రాయిలా గట్టిపడుతుంది. తీసేటప్పుడు అసిటోనులో నానబెట్టి, మెత్తబడ్డాక తీయాలి. అంత ఓపిక ఎవరికి? పుల్ల పెట్టి పెళ్లగిస్తున్నారు. దాంతో అసలు గోరు పొరలు పొరలుగా లేచివస్తోంది.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. మొదలు నుంచి కొత్త గోరు రావాలంటే దాదాపు 6 నెలలు. కాలి గోరుకైతే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఇంటిపట్టున ఉండే వారు అన్నాళ్లు ఓర్చుకోగలరేమో. చేతులతో కూలి సంపాదించుకునే వారి మాటేమిటి? మా మండలంలో ఒక కొత్త కోడలు పెళ్లయిన మూడు వారాలకే రొయ్యల షెడ్డు పనికి వెళ్లింది. రోజంతా మంచు నీళ్లలో రొయ్యలు వలిచే పని. పలచబడిన గోళ్లు చీలి, రెండు వేళ్లకు గోరుచుట్టు లేచి, పది రోజుల కూలి పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటని సామెతగా చెప్పుకుంటాం, ఆమెకు అక్షరాలా అదే జరిగింది. పార్లరుకు వెళ్లి అడిగితే "నీ ఒంట్లోనే కాల్షియం తక్కువ" అన్నారట!

వాడే సరుకు సంగతి మరొకటి. చవక రకం ద్రవాల్లో మిథైల్ మెథాక్రిలేట్ అనే రసాయనం ఉంటుంది. కట్టుడు పళ్ల చిగురు భాగం తయారీకి వాడేది ఇదే. గోటిపై ఇది ఎంత గట్టిగా పడుతుందంటే, దేనికైనా తగులుకుంటే పెట్టుడు గోరు విరగదు, అసలు గోరే ఊడివస్తుంది. అమెరికాలో 1970 దశకంలో ఫిర్యాదులు వస్తే అక్కడి ఆహార, ఔషధ సంస్థ కోర్టుకెక్కి, పూర్తిగా ఈ ద్రవంతోనే చేసిన సరుకును ఆపించింది. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం సీసాపై తయారీదారు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉండాలి. పేరూ ఊరూ లేని సీసా కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి.

పురుగుమందుల కొట్టు పెట్టాలంటే చదువు అర్హత చూపాలి. మందుల షాపుకు ఫార్మసిస్టు ఉండాలి. మరి పార్లరుకు? మున్సిపాలిటీ ట్రేడు లైసెన్సు, కార్మిక శాఖ రిజిస్ట్రేషను ఉంటే చాలు. ఈ రెండూ కొట్టును, రుసుమును చూసేవే తప్ప పనిచేసే చేతిని చూసేవి కావు. ఐటీఐల్లో కాస్మొటాలజీ కోర్సు ఏడాది పాటు చెబుతున్నారు. అది చదివితేనే పార్లరు పెట్టాలన్న నియమం మాత్రం లేదు. పదిహేను రోజులు ఎవరి దగ్గరో చూసి బోర్డు కట్టేసినా అడిగే వారు లేరు. అమెరికాలో గోళ్ల పని చేసే వారికి రాష్ట్రాల వారీగా లైసెన్సులున్నాయి. పిల్లలు అక్కడున్న మన ఊళ్ల వారికి ఇది తెలిసిన సంగతే. అక్కడా చెడ్డ పని లేకపోలేదు. కనీసం ఫిర్యాదు చేసుకోవడానికి ఒక బోర్డు ఉంది.

పార్లర్లు మూయించమని ఎవరూ కోరడం లేదు. అవి నడిపే వారిలో పొదుపు సంఘం అప్పుతో నిలదొక్కుకున్న మన ఆడపడుచులే ఎక్కువ. పట్టణాల్లో మున్సిపాలిటీలు, ఊళ్లలో పంచాయతీలు వారికి రెండేళ్ల గడువివ్వాలి. ఈలోగా మండల కేంద్రాల్లోనే శిక్షణ ఏర్పాటు చేసి, ఆ తర్వాత సర్టిఫికెట్ చూపితేనే లైసెన్సు తిరగరాయాలి. క్షౌరశాలలో కొత్త బ్లేడు వేయమని అడగడం మనం నేర్చుకున్నాం. ఒకరి గోటిపై రుద్దిన ఆకురాయినే మరొకరికి రుద్దుతుంటే మాత్రం నోరెత్తడం లేదు. గోటి ఫంగస్ అలాగే అంటుకుంటుంది.

గోళ్లు ఇప్పటికే విరుగుతున్న వారు వాటిని పొట్టిగా కత్తిరించుకోవాలి. లేచిన పొరలను లాగకూడదు. గోటి మొదట్లో ఉండే పలుచటి చర్మాన్ని కోయనివ్వకూడదు, క్రిములను ఆపేది అదే. మాటిమాటికీ తడవడం, ఆరడం వల్లే గోరు పెళుసెక్కుతుంది కనుక అంట్లు, బట్టల పనికి రబ్బరు తొడుగులు వాడితే మేలు. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనో, వ్యాజలీనో రాసుకోవాలి. ఏ పార్లరుకూ వెళ్లకుండానే గోళ్లు విరుగుతున్నా, చెంచాలా గుంటలు పడినా రక్తహీనతో, థైరాయిడో కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించుకోవాలి. షుగరు ఉన్న వారికి గోరుచుట్టు లేస్తే నిమ్మకాయ తొడిగి కూర్చోకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి.