పోరుమామిళ్ళ చెరువు: కట్టినవాడికి శాసనం, కాపాడినవాడికి?

సొంతూళ్ళ చరిత్ర అనగానే మన ఐటీ జనం రెండు గుంపులుగా చీలిపోతారు. ఒక గుంపు "మన పూర్వీకులకి తెలియనిది లేదు, ఇప్పటి ఇంజనీర్లు వాళ్ళ కాలిగోటికి సరిపోరు" అని ఫార్వర్డులు పంపుతుంది. రెండో గుంపు "ఆ పల్లెటూళ్ళో ఏముంది సార్, సిగ్నల్ కూడా సరిగ్గా రాదు" అని తేల్చేస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకే ఊరు చూపిస్తాను: కడప జిల్లా పోరుమామిళ్ళ. ఈ ఊరి విషయంలో రెండు గుంపులూ తప్పేనని నా వాదన.

ముందు భూగోళం. పటంలో నల్లమల కొండలకీ వెలికొండలకీ మధ్య ఉత్తర దక్షిణాలుగా ఒక లోయ కనిపిస్తుంది. గిద్దలూరు వైపు నించి సగిలేరు ఆ లోయలోనే పారుతూ వెళ్ళి పెన్నలో కలుస్తుంది. జిల్లా మొత్తానికి ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అదీ కుదురుగా కురవదు, వస్తే నాలుగు రోజులు దంచికొడుతుంది, లేదంటే నెలల తరబడి మొహం చాటేస్తుంది. వాగులు పొంగినంతసేపే పొంగి మళ్ళీ ఇసక తేలతాయి. ఇలాంటి చోట వచ్చిన నీళ్ళని పట్టి ఉంచుకోకపోతే ఊరు నిలవదు. పోరుమామిళ్ళ నిలిచిందంటే కారణం చెరువే.

ఇక చరిత్ర. 1369లో (శక సంవత్సరం 1291) విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఈ చెరువు కట్టించాడు. ఆయనకే భవదూరుడని ఇంకో పేరు. ఉదయగిరి నించి ఈ ప్రాంతాన్ని ఏలేవాడు. మాలదేవి అనే ఏటి నీళ్ళని ఆపి కట్టిన ఆ చెరువుకి అనంతరాజసాగరం అని పేరు పెట్టారు. అంతటితో ఊరుకోకుండా, ఎలా కట్టారో సంస్కృతంలో రాతి మీద చెక్కించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సుక్తంకర్ ఆ శాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చు వేశాడు.

మనలాంటి వాళ్ళు తప్పకుండా చదవాల్సిన డాక్యుమెంట్ అది. మంచి చెరువుకి 12 అంగాలు ఉండాలంటుంది. వాటిల్లో కొన్ని: ధర్మం తెలిసిన, డబ్బున్న రాజు. జలశాస్త్రం చదివిన పండితుడు. గట్టి బంకమన్ను నేల. మూడు యోజనాల దూరం నించి పారి వచ్చే మంచినీటి ఏరు. ఆ ఏటికి అటూ ఇటూ కొండలు, వాటి మధ్య మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట. విశాలమైన, లోతైన గర్భం. దగ్గర్లో రాతి గని. కింద సాగుకి పనికొచ్చే చదునైన పొలాలు. పనితనం తెలిసిన మనుషులు.

తర్వాత 6 దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. చెరువు మధ్యలో మెరక. నీళ్ళు తక్కువ, ఆయకట్టు ఎక్కువ. నీళ్ళు ఎక్కువ, భూమి తక్కువ. మూడో దోషం చదివినప్పుడల్లా నాకు 2023 నవంబరు 30 గుర్తొస్తుంది. ఆ రోజు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి ఆంధ్ర పోలీసులు వెళ్ళి సగం గేట్లు తమ చేతిలోకి తీసుకున్నారు. సరిహద్దు మీద నీళ్ళుంటే ఏమవుతుందో పోరుమామిళ్ళ రాయి అంతకు 654 ఏళ్ళ ముందే చెప్పింది.

శాసనంలో హెడ్‌కౌంట్, టైమ్‌లైన్ కూడా ఉన్నాయి. రోజూ 1000 మంది కూలీలు, రాళ్ళు తోలడానికి 100 బళ్ళు, 2 ఏళ్ళు. కొండలతో కలిపి కట్ట పొడవు సుమారు 14,000 అడుగులైతే అందులో మనిషి కట్టింది సుమారు 4,500 అడుగులే. మిగతాదంతా కొండలకే వదిలేశారు. "ఏముంది అక్కడ" అనే గుంపుకి జవాబు ఇక్కడితో సరి.

ఇప్పుడు మొదటి గుంపు సంగతి. వీళ్ళు ఈ శాసనాన్నే పట్టుకుని, "చూశారా, అంత గొప్పగా కట్టారు కాబట్టే ఆరున్నర శతాబ్దాలు నిలిచింది" అంటారు. నా గొడవంతా ఈ "కాబట్టి" తోనే. మట్టికట్ట దానంతటది నిలబడదు. ప్రతి వానకీ గండ్లు తీస్తుంది. పందికొక్కులు బొరియలు చేస్తాయి. చెట్ల వేళ్ళు లోపలికి దిగి రాళ్ళని కదిలిస్తాయి. ప్రతి వరదకీ గర్భంలో ఒండ్రు పేరుకుంటుంది. తూము మూసుకుపోతుంది, మరవ (కోస్తా వాళ్ళ అలుగు) కోసుకుపోతుంది. మొదటి దోషంగా చెప్పిన ఊట కట్టిన రోజే పుట్టాలని లేదు, నూరో ఏటా పుట్టొచ్చు. రోజూ కట్ట మీద నడిచేవాడికి తప్ప అది ఎవరికీ కనపడదు. పట్టించుకోని కట్ట ఆరు వందల ఏళ్ళు కాదు, అరవై ఏళ్ళు నిలబడటం కూడా కష్టమే.

మరి ఎవరు పట్టించుకున్నారు? రాయలసీమలో నీరుగంటి అనేవాళ్ళుండేవారు. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంత నీరో పారించడం, వానల్లో రాత్రిళ్ళు కట్ట కాయడం వాళ్ళ పని. పంటలో కొంత గింజ వాళ్ళకి ముట్టేది. దశబంధం ఇనాములని కూడా ఉండేవి. చెరువు కట్టినవాడికో బాగుచేసినవాడికో భూమి ఇచ్చేవారు, బదులుగా ఆ చెరువుని బాగోగులు చూస్తూ ఉండాలి. నిజానికి చెరువుని ఆరు వందల ఏళ్ళు బతికించింది ఈ ఏర్పాటు. కానీ 12 అంగాల జాబితాలో ఏటేటా మరమ్మతు అనే పదమూడోది లేదు. నీరుగంటి పేరు రాతి మీద లేదు. చెరువు తవ్విస్తే సప్తసంతానాల్లో ఒకటి అన్నారు. జీర్ణోద్ధరణకీ పుణ్యముందన్నారు గానీ, దానికి ముందు చెరువు జీర్ణం కావాలి కదా! అసలు పాడవకుండా చూసుకున్నవాడి ఖాతాలో ఏ పుణ్యం వేస్తారు?

నేను పన్నెండేళ్ళుగా సపోర్ట్ ప్రాజెక్టుల్లో ఉన్నాను కాబట్టి నాకిది కొత్తగా అనిపించలేదు. కొత్త ఫీచర్ రిలీజ్ చేసిన టీముకి కేకు, ఫోటో, అవార్డు. అది రాత్రి రెండింటికి పడిపోతే లేచి నిలబెట్టినవాడికి "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్". ఏ సమస్యా రానివ్వకుండా చూసుకున్నవాడి సంగతి ఇంకా ఘోరం. "మీ టీములో ఇంతమంది ఎందుకు?" అని అడుగుతారు.

ప్రభుత్వాలూ ఇదే బాపతు. 1800లో నిజాము ఈ సీమని కంపెనీకి దత్తం చేశాక శిస్తు వసూలు మీదున్న శ్రద్ధ చెరువుల మీద లేకపోయింది. 1876-78 కరువులో కడప అల్లాడిపోయాక, 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. అప్పట్నించీ అదే నడక: పాడవనివ్వడం, తర్వాత పెద్ద పేరుతో పథకం తేవడం. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. 2015లో ఆంధ్రలో నీరు-చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ వచ్చాయి. పూడిక తీయడం మంచిదే, కాదనను. కానీ పదేళ్ళకోసారి పొక్లెయిన్లు దింపడం వేరు, పదేళ్ళూ రోజూ కట్ట మీద ఒక మనిషి నడవడం వేరు. మొదటిదానికి శంకుస్థాపన, శిలాఫలకం ఉంటాయి. రెండోదానికి ఒక లస్కరు జీతం చాలు, అందుకే దాని మీద ఎవరికీ ఆసక్తి ఉండదు.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ ఈ చెరువుని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కంభం చెరువు, కేసీ కాలువ కూడా అదే ఏడాది ఆ జాబితాలోకి ఎక్కాయి. సంతోషం. మనవాళ్ళందరూ షేర్ చేసుకున్నారు. కానీ వారసత్వం అన్న బోర్డు వల్ల గండి పూడదు.

"ఇప్పుడు బోర్లున్నాయి, తెలుగుగంగ నీళ్ళు పక్కనే బ్రహ్మంసాగర్ దాకా వచ్చాయి, ఇంకా చెరువెందుకు?" అనేవాళ్ళున్నారు. ఆ బోర్లలోకి నీరు ఎక్కణ్ణించి ఊరుతుందనుకుంటున్నారు? తెలుగుగంగ నీళ్ళు కృష్ణ నించి రావాలి, అంటే మళ్ళీ మూడో దోషమే. చెరువుకి కావలసిన వాన మాత్రం ఈ కొండల మీదే పడుతుంది.

నేను అడిగేది చిన్నది. అమెరికా నించీ బెంగుళూరు నించీ సొంతూరికి డబ్బు పంపేవాళ్ళలో చాలామంది ఊరి మొదట్లో ఆర్చి కట్టిస్తారు, దాని మీద నాన్నగారి పేరు రాయిస్తారు. ఈసారి ఆర్చి వద్దు. మీ ఊరి చెరువు కట్ట మీద ఒక బోర్డు పెట్టమని నీటి సంఘాన్ని, జలవనరుల శాఖని అడగండి. లస్కరు ఎవరు, తూము చివరిసారి ఎప్పుడు చూశారు, పూడిక ఎప్పుడు తీశారు, ఈ ఏడాది ఎంత ఖర్చయింది: ఈ నాలుగూ ఉంటే చాలు. లస్కరు లేకపోతే ఆ గడి ఖాళీగానే ఉంచమనండి, ఊరంతా చూస్తుంది. మొదటి బోర్డు పోరుమామిళ్ళలోనే పెట్టాలి. కట్టించిన రాజు పేరు అక్కడ ఆరు వందల ఏళ్ళుగా ఉంది, కాపాడుతున్న మనిషి పేరు కూడా ఉండటం న్యాయం.

మీ ఊరి చెరువు తూము ఎవరు తీస్తారో మీలో ఎంతమందికి తెలుసు?