పంటి మీద నెపం పెట్టకండి

ఎనిమిది నెలల బాబుకు రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. తల్లి కంగారు పడుతుంటే ఇంట్లో పెద్దావిడ తేలిగ్గా తీసేస్తారు: ''పళ్లొస్తున్నాయి కదమ్మా, అన్నీ మామూలే. పన్ను బయటపడితే అవే తగ్గుతాయి.'' తెలుగు ఇళ్లలోనే కాదు, ఢిల్లీలోనూ ఢాకాలోనూ వినిపించే మాటే ఇది. ఆ భరోసాతో ఊరుకున్న ఒక్క రోజు పసివాడి ప్రాణం మీదికి తేవచ్చు.

సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో కింది చిగురు మధ్యలో తొలి పళ్లు మొలుస్తాయి. కొందరికి నాలుగో నెలలోనే వస్తే, మరికొందరికి ఏడాది నిండే దాకా రావు. రెండూ సహజమే. మూడేళ్లు వచ్చేసరికి మొత్తం 20 పాలపళ్లు పూర్తవుతాయి. పన్ను పొడిచే రోజుల్లో పిల్లలు చొంగ కారుస్తారు, చిరాకు పడతారు, చేతికందిందల్లా కొరుకుతారు, గట్టి పదార్థాలు తినడానికి మొరాయిస్తారు. ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు. అంతవరకే.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 125 మంది పిల్లల్లో 475 పళ్లు మొలిచిన తీరును తల్లిదండ్రుల చేత రోజూ నమోదు చేయించి, 2000లో ఫలితాలు ప్రకటించారు. ఇబ్బందులన్నీ పన్ను పొడవడానికి ముందు నాలుగు రోజులు, పొడిచిన రోజు, తర్వాత మూడు రోజులకే పరిమితమయ్యాయి. ఎక్కువ జ్వరానికి, విరేచనాలకు, వాంతులకు పళ్లతో సంబంధం కనిపించలేదు.

మరి అన్నీ ఒకేసారి ఎందుకొస్తాయి? ఆరో నెల దాటేసరికి తల్లి నుంచి సంక్రమించిన రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. అప్పుడే తల్లిపాలతో పాటు ఇతర ఆహారమూ మొదలవుతుంది. పాకడం నేర్చిన పిల్లలు నేల మీద దొరికినవన్నీ నోట్లో పెట్టుకుంటారు. విరేచనాలు తెచ్చేది పన్ను కాదు, ఈ దారిన కడుపులోకి చేరే క్రిములు.

కాబట్టి విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్ఎస్ ఇవ్వాలి. పెద్ద ప్యాకెట్‌నైతే మొత్తంగా లీటరు శుభ్రమైన నీటిలో కలిపి, రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. ఆరు నెలలు దాటిన వారికి రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజుల పాటు ఇవ్వాలి. ఇవి ఆశా కార్యకర్తల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతాయి. మాడు గుంటపడినా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఒంటి వేడి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అది జ్వరమే. దానికి కారణం వెతకాలి తప్ప పంటి ఖాతాలో వేయకూడదు.

ఇక చిగుళ్ల నొప్పికి ఉపాయాలు సులువైనవే. చేతులు శుభ్రంగా కడుక్కుని వేలితో చిగురును మెల్లగా రుద్దితే బిడ్డకు హాయిగా ఉంటుంది. తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచిన శుభ్రమైన గుడ్డను నమలనివ్వొచ్చు. రబ్బరు రింగు ఇవ్వొచ్చు గానీ, లోపల ద్రవం ఉన్నదీ, గడ్డకట్టించినదీ వద్దు. చొంగను ఎప్పటికప్పుడు తుడిస్తే గడ్డం ఒరుసుకుపోదు. నొప్పి మరీ ఎక్కువైతే డాక్టరును అడిగి, బరువును బట్టి పారాసెటమాల్ వేయాలి. ఇక్కడో జాగ్రత్త: మన దగ్గర దొరికే డ్రాప్స్ సాధారణంగా సిరప్ కన్నా నాలుగు రెట్లు గాఢం. సిరప్ మోతాదులో డ్రాప్స్ పోస్తే ప్రమాదం.

చిగుళ్లకు రాసే జెల్స్ జోలికి పోకపోవడమే మేలు. బెంజోకైన్ రక్తంలో ఆక్సిజన్ సరఫరాను దెబ్బతీసే ప్రమాదం ఉన్నందువల్ల, రెండేళ్లలోపు పిల్లల కోసం అలాంటి మందులు అమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో కంపెనీలకు చెప్పింది. కోలిన్ శాలిసిలేట్ ఉన్న జెల్స్‌ను 16 ఏళ్లలోపు వారికి వాడవద్దని బ్రిటన్ 2009లోనే సూచించింది. ఏడాదిలోపు పిల్లలకు తేనె కూడా పనికిరాదు.

పంటి మీద నెపం వేయడం కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మరణ కారణాల జాబితాలోనే 'పళ్లు రావడం' ఉండేది. అప్పట్నుంచి పిల్లలకు పట్టిన పొడుల్లో పాదరసం ఉండేది. చేతులు, కాళ్లు ఎర్రబారి మంటపెట్టే జబ్బుకు అదే మూలమని తేలాక, 1950లలో వాటిని మార్కెట్ నుంచి తొలగించారు. ఆ జబ్బూ దాదాపు కనుమరుగైంది.

పెద్దావిడ మాటలో ఒకటి మాత్రం నిజం: పంటి బాధ దానంతటదే తగ్గిపోతుంది. విరేచనాల విషయంలో మాత్రం ఆ ధీమా పనికిరాదు. అప్పుడు బిడ్డ నోట్లోకి చూస్తూ కూర్చోకుండా ఓఆర్ఎస్ కలపాలి.