బీరువాలో భూమి

సింధనూరు చుట్టూ ఉన్న మన తెలుగు రైతుల క్యాంపుల్లో ఈ వారం ఒక రంగుల కరపత్రం తిరిగింది. నిప్పుకు కాలని, నీటికి తడవని ఇంటి సేఫ్ అట. ఆ రెంటినీ ఒకే ఊపిరిలో అనేసినందుకే నాకు ఒళ్లు మండింది.

నిప్పు రేటింగ్ వేరు, నీటి రేటింగ్ వేరు. గంట రేటింగ్ ఉన్న పెట్టె గంటసేపు లోపలి వేడిని 177 డిగ్రీలు దాటనివ్వదు. కాగితానికి అది చాలు. పెళ్లి ఫొటోల పెన్‌డ్రైవ్‌కు చాలదు, దాని హద్దు 52 దగ్గరే. పైగా వేడిని ఆపేది గోడల మధ్య పోసిన మిశ్రమంలోని తేమ. మామూలు రోజుల్లో అదే లోపలికి చేరి దస్తావేజులకు బూజు పట్టిస్తుంది. తలుపు అంచుకు సీలు లేదా, ఫైరింజను కొట్టే నీళ్లే మిగతా పని కానిస్తాయి. ఇక మనింట్లో ఉండే రేకు బీరువాకు ఏ రేటింగూ లేదు.

కృష్ణా తుంగభద్రల నడుమ కాపురమున్నవాళ్లకు వరద గురించి చెప్పాలా? 2009 అక్టోబరులో అవతలి ఒడ్డున మంత్రాలయమే మునిగింది. అయినా దొంగల భయంతో సేఫ్‌ను నేలకు బోల్టులు వేసి బిగిస్తాం. వరద ముందు వచ్చేది ఆ నేల మీదికే.

అసలు అందులో దాస్తున్నదేమిటి? పొలం పహణీ ఎప్పుడో కర్ణాటక ప్రభుత్వ ‘భూమి’ కంప్యూటర్లకు ఎక్కింది. రిజిస్టరైన క్రయపత్రం కాలిపోతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. పోతే తిరిగి రానివి, కోస్తా నుంచి వచ్చిన తాతలు తెల్లకాగితం మీద రాయించుకున్న అగ్రిమెంటూ, పెద్దమనుషుల ముందు అన్నదమ్ములు రాసుకున్న పంపకాల కాగితమూ. స్టాంపు డ్యూటీ మిగిలిందని మురిసిపోయి, ఆ కాగితాన్ని కాపాడటానికి వేలు పోసి పెట్టె కొంటాం! ఈ లెక్క నాకెప్పటికీ అర్థం కాదు. వీలునామాను సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గరే దాచుకోవచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. మన క్యాంపుల్లో ఆ పని చేసినవాళ్లు నాకింకా తగల్లేదు.

బ్యాంకు లాకరుందిగా అంటారు. 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన చదివారా? బ్యాంకులో నిప్పంటుకున్నా దొంగలు పడ్డా మనకొచ్చేది ఏడాది అద్దెకు గరిష్ఠంగా 100 రెట్లు. రెండు వేల అద్దెకు రెండు లక్షలు. ఇవాళ్టి బంగారం ధరకు ఒక మంచి గొలుసు రాదు. వరదలాంటి ప్రకృతి విపత్తయితే, బ్యాంకు తప్పు లేనంతవరకూ అదీ లేదు.

ఇంట్లో నోట్లు మాడి బొగ్గయితే మరీ అన్యాయం. ఊళ్లో బ్రాంచి ముట్టుకోదు, రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుకే పొమ్మంటుంది. అంటే బెంగళూరో హైదరాబాదో. పట్టుకుంటే పొడైపోయే నోట్లను బస్సులో అంతదూరం మోసుకెళ్లాలన్నమాట! రాయచూరులో నెలకొక్క రోజు ఎవరినైనా కూర్చోబెట్టి తీసుకుంటే రిజర్వు బ్యాంకు సొమ్మేం పోతుంది?