నమ్మిన గట్టునూ నడిచి చూడాలి

మా కంకిపాడు పరిసరాల రైతుకు ఒక అలవాటు ఉన్నది. సాయంత్రము నిండుగా నీరు పెట్టిన మడి తెల్లవారేసరికి తగ్గి కనిపిస్తే, అతడు వెంటనే పొరుగువానిపై కేకలు వేయడు, ఊరకనూ కూర్చోడు. పార భుజాన వేసుకొని గట్టు వెంట నడుస్తాడు. పైకి చెక్కుచెదరని గట్టులో ఎక్కడో ఒక ఎండ్రకాయ బొరియ బయటపడుతుంది. కంప్యూటర్ల విషయములో మన విద్యాసంస్థలు ఈ అలవాటును నేర్చుకోవలసిన అవసరము ఏర్పడినదని మేము భావిస్తున్నాము.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. అపరిచితులు పంపిన ఫైలును అనుమానించడము సులభము. కాని ప్రతిదినము మనము వాడుకొనే, పేరు గల సంస్థ తయారుచేసిన ప్రోగ్రామును ఎవరు అనుమానిస్తారు? 2020లో అమెరికాలో జరిగినది ఇదే. సోలార్‌విండ్స్ సంస్థ వారి ఓరియన్ అను ప్రోగ్రాములోనికి దుండగులు తయారీ దశలోనే చొరబడ్డారు. కలుషితమైన అప్‌డేట్ ఆ సంస్థ సొంత డిజిటల్ సంతకముతోనే సుమారు 18,000 సంస్థలకు చేరినది. అది రెండు వారాల వరకు నిద్ర నటించి, తరువాత బయటి కంప్యూటర్లతో రహస్య సంభాషణ మొదలుపెట్టేది. ఫైర్‌ఐ అను భద్రతా సంస్థ, తమ ఉద్యోగి పేరున ఒక కొత్త ఫోను నమోదగుట చూసి, ఆ ఉద్యోగిని విచారించినది. తీగ లాగగా డొంకంతా కదిలినది.

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, లాగిన్ కావడములో అర సెకను ఆలస్యమును గమనించి, ఎక్స్‌జెడ్ అను ఉచిత సాధనములో దాగిన దొడ్డిదారిని వెలికితీశాడు.

అయితే అనుమానము వేరు, నేరారోపణ వేరు. ఆ మధ్య మా కంప్యూటర్ గదిలో, ఎవరూ వాడని వేళ ఒక ప్రోగ్రాము బయటికి సంబంధము పెట్టుకొనుటను ఒక విద్యార్థిని గమనించి చెప్పినది. మాలో కొందరము నవ్వాము. విచారించగా, అది అప్‌డేట్ల కొరకు తయారీదారుని సర్వరును అడుగుచున్నదని తేలినది. అయినను నవ్వినందుకు మేమే సిగ్గుపడవలసి వచ్చినది. ఆ గదికీ కార్యాలయమునకూ నెట్‌వర్క్ ఒక్కటే. విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ఉపకారవేతన దరఖాస్తులు అన్నీ అక్కడనే ఉన్నవి. ఆమె భయము నిజమై ఉంటే నష్టపోయేది పేద బిడ్డలే కదా!

కనుక విచారణకు ఒక పద్ధతి ఉండాలి. ఏ ప్రోగ్రాము, ఏ వేళ, ఏ చిరునామాకు, ఎంత సమాచారము పంపుచున్నదో ముందుగా వ్రాసుకోవాలి. ఆ చిరునామా ఎవరిదో తెలుసుకోవాలి. సంతకము సరిగా ఉన్నంత మాత్రమున తృప్తి పడరాదు. సందేహము తీరనిచో ఆ కంప్యూటరును నెట్‌వర్క్ నుండి విడదీయాలి, ఆధారాలను చెరిపివేయరాదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు, ఇట్టి సంఘటనలను గుర్తించిన 6 గంటలలో తెలియజేయాలనీ, లాగులను 180 దినములు భద్రపరచాలనీ చెప్పుచున్నవి.

ప్రతి కళాశాలలోనూ ఈ బాధ్యతను ఒకరికి స్పష్టముగా అప్పగించాలని మా మనవి. ప్రశ్నించిన విద్యార్థిని మందలించక, ఆ ప్రశ్నను పుస్తకములో నమోదు చేయాలి. గట్టంతా నడిచి బొరియ లేదని తెలుసుకొన్న రైతు శ్రమ వృథా కాదు. ఆ రాత్రి అతడు నిశ్చింతగా నిద్రించగలడు.