తనిఖీ చేయాల్సింది మనం కాదు

శంషాబాద్ బస్టాండు దగ్గర కూరగాయలు బేరమాడుతున్న ఆడమనిషి బురఖాలో ఉంటే పక్కనున్నవాళ్ల చూపు ఆమె మీద కాస్త ఎక్కువసేపే నిలుస్తుంది. చూడటం తప్పు కాదు, కళ్లున్నాక చూస్తాం. ఆ చూపు ‘ఎవరీమె, సంచిలో ఏముంది’ అన్న ఆరాగా మారినప్పుడే పేచీ. పైగా బురఖా ఈ దారికి కొత్తదేమీ కాదు. అమ్మపల్లి రామాలయానికి వచ్చేవాళ్లూ, కొత్తూరు వైపు జహంగీర్ పీర్ దర్గాకు పోయేవాళ్లూ చాలామంది ఈ బస్టాండు మీదుగానే వెళతారు. ఆ దర్గాలో మొక్కు తీర్చుకునే హిందువులూ తక్కువేమీ కాదు.

భద్రత కోసమే చూస్తున్నామనేవాళ్లు ఊరి పక్కనే 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం సంగతి ఆలోచించాలి. అంతకన్నా గట్టి తనిఖీ ఉండే చోటు ఈ చుట్టుపక్కల లేదు. అక్కడ ఆడవాళ్లకు తెర కట్టిన చిన్న గది ఉంటుంది, లోపల సీఐఎస్ఎఫ్ మహిళా సిబ్బంది ఉంటారు. చేతులు చాచి నిలబడితే మెటల్ డిటెక్టర్‌తో భుజాల నుంచి పాదాల దాకా చూసి పంపుతారు. పట్టుచీరకైనా, జీన్స్‌కైనా, బురఖాకైనా అదే పద్ధతి. ముఖం పోల్చుకోవాల్సిన చోట బురఖా వేసుకున్నామె నిఖాబ్ ఎత్తుతుంది, పని కాగానే దించుకుంటుంది. నాంపల్లి హజ్ హౌస్ నుంచి ఏటా బయల్దేరే యాత్రికుల్లో వృద్ధ స్త్రీలెందరో ఇలాగే విమానమెక్కుతున్నారు. ఇంకో మాట. గల్ఫ్‌లో ఇంటిపనికి పోయే గోదావరి జిల్లాల ఆడవాళ్లలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. సౌదీలోనైతే విదేశీ స్త్రీలు కూడా అబాయా వేసుకు తీరాలన్న నియమం కొన్నేళ్ల కిందటి దాకా ఉండేది. నల్ల దుస్తుల్ని బట్టి మతం చెప్పేయగలమనుకోవడం కూడా తొందరపాటే.

బురఖా వేసుకుని చోరీలు చేసినవాళ్లు లేరా అని అడుగుతారు. ఉన్నారు. హెల్మెట్ పెట్టుకుని గొలుసులు తెంపుకుపోయినవాళ్లూ ఉన్నారు. అంతమాత్రాన హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాణ్నీ దొంగలా చూడం. ఎండకీ దుమ్ముకీ కళ్లు తప్ప ముఖమంతా చున్నీ చుట్టుకుని స్కూటీ నడిపే అమ్మాయిల్ని అసలే అనుమానించం. 2020లో మాస్కు లేనివాళ్లకే జరిమానా వేశాం. కనబడని ముఖమే ఇబ్బందైతే వీళ్లందర్నీ చూసినా ఇబ్బంది కలగాలి. కలగడం లేదంటే అసలు కారణం మతమేనని ఒప్పుకోవాలి. ముఖం చూడటం అవసరమైన చోట చూసే అధికారం ఎవరికుందో చట్టం చెబుతూనే ఉంది. పోలింగ్ కేంద్రంలో ఆ పని సిబ్బందిది. 2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ బీజేపీ అభ్యర్థి మాధవీలత మలక్‌పేట పరిధిలోని బూత్‌లో ముస్లిం స్త్రీలను నిఖాబ్ ఎత్తమని అడిగి తానే కార్డులు చూసినప్పుడు పోలీసులు కేసు పెట్టింది అందుకే. అభ్యర్థికే లేని ఆ అధికారం కూరగాయల బండి దగ్గర నిలబడ్డ మనకెక్కడిది?

బురఖా ఆడవాళ్ల అణచివేతకు గుర్తు, దాన్ని సహజంగా తీసుకోమంటారేమిటన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. కొందరి మీద ఇంట్లో ఒత్తిడి ఉండటం నిజం. ఆడవాళ్లను తెరచాటున ఉంచే ఘోషా మన జమీందారీ కుటుంబాల్లోనూ ఉండేది, ఆడపిల్లలు బడికెళ్లి గడప దాటాకే సడలింది. వీధిలో ఎవరో ఎగాదిగా చూసినందువల్ల కాదు. బలవంతంగా వేసుకున్న స్త్రీనైతే ఆ చూపు మళ్లీ ఇంట్లోకే నెడుతుంది. ఇష్టపడి వేసుకున్న స్త్రీనైతే అవమానిస్తుంది. గడప దాటడానికి పనికొచ్చేది వేరు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఆడవాళ్లకు ఉచితమైంది. బురఖా ఉన్నా లేకపోయినా గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ముందుకు కదులుతాడు. ఆమె చదువుకో, ఉద్యోగానికో, ఆస్పత్రికో ఒంటరిగా వెళ్లే దారి అక్కడ తెరుచుకుంటోంది. ఆమె బాగు కోరేవాళ్లు చేయాల్సింది ఆ బస్సులో పక్కకు జరిగి చోటివ్వడం. దయచేసి ఆ పని చేయండి.