జబ్బు లేని కోడికి యాంటీబయాటిక్ వద్దు

కోళ్ల రైతులకు, చికెన్ కొనే ప్రతి ఇంటికి, పశుసంవర్ధక, ఆహార భద్రత శాఖల అధికారులకు విన్నపం.

కోడిపిల్లలు షెడ్డులో దిగిన తొలి రోజుల్లోనే తాగే నీళ్లలో ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలపడం చాలాచోట్ల మామూలైపోయింది. పిల్లలకు జబ్బుందా అని చూసేదేమీ ఉండదు, రాకుండా ముందే వేస్తున్నామంటారు. ఈ మందు కోడి ఒంట్లోకి వెళ్లాక కొంతమేర సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. అది మనకు డాక్టర్లు రాసే మందే. కోడి పేగుల్లో ఉండే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, ఈ.కోలి బ్యాక్టీరియాల్లో దానికి లొంగేవి చస్తాయి, లొంగనివి పెరుగుతాయి. అవి మన కడుపులోకి చేరితే విరేచనాలు, జ్వరం. పసిబిడ్డల్లో, ముసలివాళ్లలో రక్తంలోకీ పాకవచ్చు. అప్పుడు ఆసుపత్రిలో ఆ మందు ఎక్కించినా పనిచెయ్యకపోవచ్చు.

అమ్మే ముందు కొన్ని రోజులు మందు ఆపేస్తున్నాం కదా అని కొందరంటారు. ఆ గడువు పాటించాల్సిందే. కానీ దానితో మాంసంలోని మందు అవశేషం పోతుంది తప్ప, మందుకు లొంగని బ్యాక్టీరియా పోదు. ఈ రెండూ వేరని అధికారులే గట్టిగా చెప్పాలి.

ఉడికిస్తే చస్తాయన్నదీ నిజమే. మరి పచ్చి మాంసం కోసిన కత్తిపీట మీదే కొత్తిమీర తరిగితే? కుళాయి కింద కడిగేటప్పుడు తుంపరలు పక్కనున్న గిన్నెల మీద పడితే? షెడ్డులోంచి ఎత్తిన కోళ్లపెంట కూరగాయల మళ్లకు ఎరువుగా వెళ్తోంది. కోడిమాంసం ముట్టని ఇంటికీ పచ్చి కీరా, టమాటాల మీదుగా ఆ దారి ఉంది.

అమెరికా 2005లోనే కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని ఆపేసింది. మందుకు లొంగని కాంపైలోబాక్టర్ మనుషులకు సోకుతోందన్నదే కారణం. బరువు పెరగడానికి మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించింది. జబ్బు లేని మందకు ముందుజాగ్రత్త పేరుతో ఇవ్వడాన్ని 2022లో ఆపించింది. మనకూ చేతకాని పనేమీ కాదు. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగకుండా చేసే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకుతోందని 2015లో చైనా శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. ఆ తర్వాత 2019 జూలైలో మన కేంద్రం కోళ్లు, పశువులు, ఆక్వా చెరువులు, మేతల్లో కోలిస్టిన్‌ను నిషేధించింది.

ఐరోపాకు వెళ్లే రొయ్యకు చెరువు పట్టకముందే మందుల పరీక్ష చేస్తారు. మన పిల్లలు తినే కోడికి ఆపాటి జాగ్రత్త ఎందుకు లేదు?

ఇందులో రైతును దోషిని చెయ్యడం అన్యాయం. ఒప్పంద పెంపకంలో కోడిపిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. కిలోకింత అని వచ్చేది పెంపకం కూలీ. మేత సంచిలో ఏముందో ఆయనకూ తెలియదు. అందుకే తొలి బాధ్యత కంపెనీలదే: మేత సంచి మీద కలిపిన ప్రతి మందు పేరూ తెలుగులో అచ్చు వెయ్యాలి. పశువైద్యుడు జబ్బు చూసి చీటీ రాస్తే తప్ప ఏ దుకాణమూ కోళ్లకు యాంటీబయాటిక్ అమ్మకూడదు. టీకాలు సమయానికి వెయ్యాలి, ఊక తడవకుండా చూడాలి, షెడ్డులో కిక్కిరిసేలా పిల్లల్ని దించకూడదు. దీనికయ్యే అదనపు ఖర్చు కంపెనీ భరించాలి, రైతు కూలీలో కొయ్యకూడదు. ఆహార భద్రత శాఖ చికెన్ దుకాణాల నుంచి నమూనాలు తీసి, అవశేషాలతో పాటు మందుకు లొంగని బ్యాక్టీరియా కోసమూ పరీక్షించి, ఫలితాలు జిల్లాలవారీగా ప్రకటించాలి.

వచ్చే గ్రామసభలో ఈ డిమాండ్లను తీర్మానంగా పెట్టించండి. ప్రతిని కలెక్టరుకు పంపి, రసీదు తీసుకోండి.