ముందు ఫిర్యాదు రాయండి

ఎలక్ట్రిక్ గిటార్ వాయించే కుర్రాళ్లు నలుగురు చేరిన చోట "నా గిటార్ సౌండ్ బాలేదురా" అని చూడండి. ఏం బాలేదని ఎవరూ అడగరు. స్ట్రింగ్స్ ఎప్పుడు మార్చావనీ అడగరు. "పికప్‌లు మార్చెయ్" అంటారు. నాకూ అదే చెప్పారు. 11,000 పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్ట్రాటోకాస్టర్ కాపీకి 14,000 పెట్టి పికప్‌లు వేయించాను. ఆ రాత్రి స్వర్గం కనిపించింది. నెల తిరిగేసరికి పాత అసంతృప్తే మళ్లీ వచ్చి కూర్చుంది. కాబట్టి ఇది కోపంతో రాస్తున్నది. అందులో సగం కోపం నా మీదే.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. పికప్ అంటే ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లు. దాని పైన ఉక్కు స్ట్రింగ్ కదిలితే ఆ కాయిల్‌లో కాస్త కరెంటు పుడుతుంది. యాంప్లిఫైయర్ దాన్ని పెద్దది చేస్తుంది. ఇంత సాదా వస్తువును అమ్మడానికి వాడే భాష చూడండి: వార్మ్, క్రీమీ, గ్లాసీ, వింటేజ్. మన పుస్తక సమీక్షల్లో "ఆర్ద్రత" ఎలాంటిదో గిటార్ లోకంలో "వార్మ్" అలాంటిది. ఎక్కడైనా అతుకుతుంది, ఏమీ చెప్పదు, కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఈ మతానికి మూలవిరాట్టు పి.ఎ.ఎఫ్. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ ముందున్న సమస్య ఒక్క వాక్యంలో చెప్పగలిగేది: ఒకే కాయిల్ ఉన్న పికప్ కరెంటు గుర్‌ర్ అనే హమ్‌ను కూడా పట్టుకుంటుంది, దాన్ని పోగొట్టాలి. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, వాటి చుట్లనూ అయస్కాంత ధ్రువాలనూ ఒకదానికొకటి ఎదురుగా అమర్చాడు. హమ్ రెండింట్లోనూ ఎదురెదురుగా వచ్చి రద్దవుతుంది, స్ట్రింగ్ సిగ్నల్ మాత్రం కలిసి నిలుస్తుంది. 1955లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు, 1959లో వచ్చింది. ఈలోగా "పేటెంట్‌కు దరఖాస్తు చేశాం" అని ఇంగ్లిష్‌లో రాసి పికప్ అడుగున అంటించిన స్టిక్కరే దాని పేరైపోయింది.

ఆ రోజుల్లో చుట్ల లెక్క కచ్చితంగా ఉండేది కాదు. అయస్కాంతాలు కూడా చేతికందిన రకం వేసేవారు. అందుకే ఒక పి.ఎ.ఎఫ్. ఇంకో పి.ఎ.ఎఫ్.లా మోగదు. ఇవాళ ఆ హెచ్చుతగ్గులనే శ్రద్ధగా కాపీ కొట్టి, డబ్బాలో పెట్టి, ఫలానా సంవత్సరపు సౌండ్ అని అమ్ముతున్నారు. లవర్ చేసింది ఇంజనీరింగ్. మనం చేస్తున్నది తద్దినం.

ఇంకో మనిషి సంగతి చెప్పాలి. అబిగైల్ ఇబర్రా. 1950లలో కాలిఫోర్నియాలోని ఫెండర్ ఫ్యాక్టరీలో చేరి 2013 దాకా పికప్‌లు చుట్టింది. ఆమె సంతకమున్న పికప్ అంటే కలెక్టర్లకు ప్రాణం. ఆమె చేతుల్లో ఏదో మాయ ఉందంటారు. పొగడ్తలాగే ఉంటుంది గానీ, ఆ మాట ఒక కార్మికురాలు దశాబ్దాలు చేసిన పనినీ, నేర్చుకున్న నైపుణ్యాన్నీ చెరిపేసి ఆ స్థానంలో అద్భుతాన్ని కూర్చోబెడుతుంది. నైపుణ్యం ఉందంటే జీతం ఎంత అన్న ప్రశ్న వస్తుంది. మాయకు ఆ ఇబ్బంది లేదు.

"అవన్నీ కబుర్లు, మేం నంబర్లు చూసి కొంటాం" అనేవాళ్లూ ఉన్నారు. డబ్బా మీద కిలో ఓమ్‌లు చూస్తారు, 16 ఉంటే 8కి రెట్టింపు గట్టిగా మోగుతుందనుకుంటారు. అది కాయిల్ తీగ నిరోధం. అవే చుట్లు ఇంకా సన్నటి తీగతో చుడితే నంబరు పెరుగుతుంది, మోత పెరగదు. నంబరు కూడా విశేషణమే, కాకపోతే లెక్కల మాస్టారి వేషంలో వస్తుంది.

పికప్ మార్చడానికి ఒకప్పుడు గట్టి కారణం ఉండేది. 1970ల్లో యాంప్ నుంచి చాలినంత డిస్టార్షన్ రావాలంటే దానిలోకి గట్టి సిగ్నల్ తోయాలి. లారీ డిమార్జియో సూపర్ డిస్టార్షన్ పికప్ పుట్టింది ఆ పనికే. ఇవాళ ఆ డిస్టార్షన్ చిన్న పెడల్‌లో, ఫోన్‌లో కూడా దొరుకుతుంది. కారణం సగం పోయింది, అలవాటు మిగిలింది.

నా కళ్లు తెరిపించింది కోఠిలో యాంప్లిఫైయర్లు బాగుచేసే ఒక పెద్దాయన. యాంప్ తీసుకెళ్లినప్పుడు గిటార్ గురించి కూడా వాపోయాను.

"ఏం మంచిగ లేదో ఒక్క ముక్కల చెప్పు బేటా."

"వార్మ్‌గా లేదంకుల్."

"గా వార్మ్ గీర్మ్ నాకు తెల్వదు. ఏ పికప్పు మీద, ఏ స్ట్రింగ్ మీద, ఏమైతుంది?"

నోరు పెగల్లేదు. ఆయన ముందే కూర్చుని వాయించాను. అప్పుడు తెలిసింది: బ్రిడ్జ్ పికప్ మీద పై స్ట్రింగ్స్ చెవిలో గుచ్చుకుంటున్నాయి, టోన్ నాబ్ ఎంత తిప్పినా తగ్గట్లేదు. ఆయన మూత విప్పి చూసి నవ్వాడు. స్ట్రాటోకాస్టర్ పాత పద్ధతి వైరింగ్‌లో బ్రిడ్జ్ పికప్‌కు టోన్ నాబ్ కనెక్షనే ఉండదు! స్విచ్ దగ్గర జానెడు కూడా లేని వైరు ముక్క ఒకటి సోల్డర్ చేశాడు. స్క్రూడ్రైవర్‌తో పికప్‌ను స్ట్రింగ్స్ నుంచి కొంచెం కిందికి దించాడు. పావుగంట పని. నా 14,000 చేయలేనిది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పికప్ మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం లావు స్ట్రింగ్స్‌ను లాగి, శ్రుతి చేసినా స్వరం వణుకుతుంది. వాల్యూమ్ పాట్ 250 కిలో ఓమ్‌లదా, 500దా అన్నదాన్ని బట్టి, కేబుల్ పొడవును బట్టి కూడా పై స్వరాల మెరుపు మారుతుంది. ఇవేవీ చూడకుండా పికప్ కొనడం, కళ్లద్దాలు తుడవకుండా కంటి ఆపరేషన్‌కు వెళ్లడం.

"వాడి డబ్బు, వాడి సరదా, నీకేంటి?" అనొచ్చు. నా బాధ డబ్బు ఒక్కటే కాదు. చవక గిటార్ ఉన్న కుర్రాడికి లోపం తన దగ్గర లేని వస్తువులో ఉందని నేర్పుతున్నాం. వాడు వినడం మానేసి వర్ణనలు చదవడం మొదలుపెడతాడు. నేను ఏడాది పాటు చేసిన పని అదే.

పికప్ ఎప్పుడూ మార్చొద్దని కాదు. కాయిల్ తెగితే మార్చాలి. ఎక్కువ గెయిన్ పెట్టగానే పికప్పే కీచుమంటే మార్చొచ్చు. సింగిల్ కాయిల్‌తో భారీ డిస్టార్షన్ వాయిస్తూ మన 50 హెర్ట్జ్ కరెంటు హమ్ భరించలేకపోతే, లవర్ చేసిన ఉపాయం ఉండనే ఉంది. ఇవన్నీ వాక్యాలుగా రాయగలిగిన ఫిర్యాదులు. వాక్యం ఉంటే ఏది కొనాలో సగం తేలిపోతుంది.

మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌నే చూడండి. మామూలు మాండలిన్ నాదం తొందరగా ఆరిపోతుంది, జంట స్ట్రింగ్స్ మీద గమకం పలికించడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు, నాలుగు జంటల బదులు ఐదు ఒంటరి స్ట్రింగ్స్ పెట్టుకున్నాడు. స్వరం నిలవాలి, గమకం పలకాలి. అవసరం ముందు వచ్చింది, వస్తువు దాని వెనక వచ్చింది.

నా పాత పికప్‌లు సొరుగులోనే ఉన్నాయి. తిరిగి వేయించి విందామని మొన్న బయటికి తీశాను. వాటిని ఎందుకు తీయించానో కాగితం మీద రాద్దామని కూర్చుంటే, ఒక్క వాక్యం కూడా రాలేదు.